బిరుదుల కథలు, బిరుదుల చరిత్ర



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది వంశపారంపర్యముగా వచ్చు బిరుదులను గూర్చి. నేను హరిశ్చంద్రపుర ప్రాంతమువాడను. టెక్కలి, పలాస, మందసా, ఉద్దానపు తీరము, ఈ సీమయంతయు బిరుదులకు పుట్టినిల్లు. గ్రామపు రచ్చబండమీద నొక జాము కూర్చుండి పెద్దల మాటలు వినినచో ఎన్ని కథలైనను వినవచ్చును. ఒకరి ముత్తాతకు గజపతి మహారాజు పల్లకి నిచ్చెనట. ఒకరి పూర్వుడు పులిని చంపి ఇంటిపేరు సంపాదించెనట. ఒకరి వంశము సూర్యునినుండియు, మరియొకరిది చంద్రునినుండియు దిగివచ్చినదట. ఇవి వినుటకు ఇంపైనవి. పిల్లలకు చెప్పుకొనదగినవి. వానిని మానుడని చెప్పుటకు నేను రాలేదు.

అయితే కథ రచ్చబండ దిగి వ్యవహారములోనికి వచ్చునప్పుడు చిక్కు కలుగుచున్నది. అమ్మవారి సంబరములో మొదటి తాంబూలము ఎవరికి? దేవుని తేరుముందు కొబ్బరికాయ ఎవరు కొట్టవలెను? ఈ ఇనాము భూమి ఏ శాఖవారిది? ఈ కులమువారు ఆ అరుగుమీద కూర్చుండవచ్చునా? ఇట్టి ప్రశ్నలు పుట్టినప్పుడు ఇరుపక్షములవారును తాతలనాటి బిరుదును ముందునకు తెత్తురు. అన్నదమ్ములు విడిపోవుదురు, ఊరు రెండు వర్గములగును, కోర్టు ఖర్చులకు పొలము తాకట్టుపడును. అట్టి సమయమున కథయేది, ఋజువేది యని విడదీసి చెప్పగల పెద్దమనుష్యుడు ఊరికొక్కడైనను ఉండవలెను. ఆ విడదీయు పద్ధతియే నేటి నా ప్రసంగవిషయము.

మొదట బిరుదు లెన్ని విధములుగా పుట్టునో చూతము. రాజు తనకు తానే పెట్టుకొని శాసనములలో చెక్కించుకొన్న బిరుదు ఒకటి. పై ప్రభువు క్రింది ప్రభువునకు మెచ్చి యిచ్చినది రెండవది. ఒకప్పుడు ఉద్యోగపు పేరై యుండి, తండ్రి తరువాత కొడుకు ఆ ఉద్యోగమునే చేయుటవలన ఇంటిపేరైపోయినది మూడవది. ఎవ్వరును ఈయకయే ప్రజలు తమంతట తాము పిలిచినది నాల్గవది. ఈ నాలుగును వినుటకు ఒక్కరీతిగనే యుండును గాని, వాని విలువలు వేరు, వానికి కావలసిన ఋజువులు వేరు.

మొదటి రకమునకు మన యింటిముందరి దృష్టాంతమే కలదు. శ్రీముఖలింగమునకు పూర్వము కళింగనగరమని పేరు. అచ్చట రాజ్యమేలిన గంగవంశపు రాజులు క్రీ. శ. 498 ప్రాంతమున ప్రారంభమైన తమ సొంత శకమును వాడిరి. వారి తొలి తామ్రశాసనములలో మహేంద్రగిరిమీది గోకర్ణస్వామికి నమస్కారము, రాజు పేరు, దానము పొందిన బ్రాహ్మణుని పేరు, గ్రామపు ఎల్లలు కనబడును. వంశకథ చాల స్వల్పము. పిదప వజ్రహస్తుడను రాజు శక సంవత్సరము 979లో, అనగా క్రీ. శ. 1057లో, వ్రాయించిన నడగాము శాసనము వచ్చినది. దీనిని మన శ్రీముఖలింగ ప్రాంతమున జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు చదివి లోకమునకు తెలిపిరి. అందులో వంశము గుణమహార్ణవుడను పూర్వునితో మొదలగుచున్నది.

ఇక వజ్రహస్తుని మనుమడు అనంతవర్మ చోడగంగదేవుని శాసనమును చూడుడు. అది శక సంవత్సరము 1040 నాటిది, అనగా క్రీ. శ. 1118. విశాఖపట్టణమున దొరికినది. అందు వంశము విష్ణువుతో మొదలై, బ్రహ్మ, అత్రి, చంద్రుడు మొదలగువారి మీదుగా దిగివచ్చుచున్నది. కోలాహలపురమునుండి కామార్ణవుడు మొదలగు అయిదుగురు అన్నదమ్ములు బయలుదేరి, మహేంద్రగిరిపై గోకర్ణస్వామిని సేవించి, అచ్చటి రాజును జయించి కళింగమును గైకొనిరని విస్తారముగా చెప్పబడినది.

తాతగారి శాసనమునకును మనుమని శాసనమునకును నడుమ గడిచినది 61 సంవత్సరములు మాత్రమే. ఈ కొద్దికాలములో వంశవృక్షము ఎన్ని కొమ్మలు వేసినదో చూచితిరా? పూర్వులనుగూర్చి మనుమనికి తాతకంటె ఎక్కువ తెలియుట లోకములో అరుదు. చోడగంగు తల్లి రాజసుందరి చోళరాజపుత్రిక. ఆయన పేరులోనే తల్లివైపు చోళులును తండ్రివైపు గంగులును కలిసియున్నారు. ఆయన ఉత్కళమును జయించి గొప్ప సామ్రాజ్యమును కట్టినవాడు. సామ్రాజ్యము పెరిగినప్పుడు దానికి తగిన పురాణమును ఆస్థాన పండితులు సమకూర్చిరి. దానివలన చోడగంగు గొప్పతనము తగ్గదు. ఆయన జయములు నిజములు, దానములు నిజములు, శాసనపు తేది నిజము. చంద్రునినుండి దిగివచ్చిన వరుస మాత్రము కావ్యము. ఒక్క రాగిరేకుమీదనే కావ్యమును చరిత్రయును ప్రక్కప్రక్కన ఉండునని దీనివలన గ్రహింపవలెను. రాగిరేకుమీద నున్నదంతయు సత్యమనుట యెట్టి పొరపాటో, కథ యున్నది గావున రేకంతయు అసత్యమనుటయు అట్టి పొరపాటే.

ఇప్పుడు గజపతి బిరుదమును తీసికొందము. మన ప్రాంతమున ఇంతకంటె మర్యాదగల మాట లేదు. ఏనుగులదండునకు ప్రభువని దాని యర్థము. గజపతి యనగా ఒకే వంశము, ఒకే రక్తము, తండ్రినుండి కొడుకునకు ఎడతెగక వచ్చినదని చాలమంది నమ్మిక. చరిత్ర ఏమి చెప్పుచున్నది? 1434-35 ప్రాంతమున గంగవంశపు కడపటి రాజైన నాల్గవ భానుదేవుని సింహాసనమును కపిలేంద్రదేవుడు గైకొనెను. ఆయన గంగవంశజుడు కాడు. ఆయన శాసనములు సూర్యవంశమని చెప్పును. ఆ వంశపు ప్రతాపరుద్రుడు 1540లో మరణించిన వెనుక, గోవింద విద్యాధరుడను మంత్రి రాజకుమారులను తొలగించి తానే రాజయ్యెను. 1560 ప్రాంతమున ముకుంద హరిచందనుడు రాజ్యమును పట్టెను. ఈయన మన తెలుగు సంబంధమువలన తెలింగ ముకుందదేవుడని ప్రసిద్ధుడు. 1568లో ఆయన పతనముతో స్వతంత్ర రాజ్యము అంతరించినది. పిమ్మట 1590ల దశాబ్దమున మొగలు సేనాని రాజా మానసింహుడు హక్కుదారుల తగవును తీర్చి, ఖుర్దా రామచంద్రదేవుని పూరీ జగన్నాథస్వామి ఆలయమునకు అధికారిగా అంగీకరించెను.

చూడుడు, గంగులు, సూర్యవంశులు, విద్యాధరుడు, హరిచందనుడు, ఖుర్దావారు. సింహాసనము ఇన్ని ఇండ్ల చేతులు మారినది. రక్తము ఒక్కటి కాదు, పీఠము ఒక్కటి. జగన్నాథస్వామి సేవ ఎవనిదో, ఏనుగులదండు ఎవని చేతిలోనున్నదో, ఢిల్లీవారు ఎవనిని అంగీకరించిరో వాడు గజపతి. మన పర్లాకిమిడి ప్రభువులును విజయనగరపు పూసపాటివారును గజపతి శబ్దమును తమ పేళ్లలో ధరించిరి. పర్లాకిమిడివారు తాము గంగవంశజులమని చెప్పుకొందురు. పూసపాటివారు బెజవాడ మాధవవర్మ సంతతివారమని చెప్పుకొందురు. ఒకే బిరుదు, రెండు వేరు వంశకథలు! బిరుదును బట్టి వంశమును నిర్ణయింపరాదనుటకు ఇంతకంటె తార్కాణ మేమి కావలెను?

కపిలేంద్రునిగూర్చి మరియొక కథయు కలదు. ఆయన బాల్యమున పసులకాపరి యనియు, ఎండలో నిదురించుచుండగా నాగుబాము పడగపట్టెననియు, జగన్నాథుడు స్వప్నమున కనబడి ఇతనినే రాజును చేయుడని చెప్పెననియు. చక్కని కథ. అయితే ఇదే పాము, ఇదే పడగ మహారాష్ట్రమున మల్హరరావు హోల్కరు కథలోను కనబడును. ఇట్లు ఊరూర ఒకే అద్భుతము వినబడినప్పుడు అది ఒక వ్యక్తి జీవితములో జరిగిన సంగతి కాక, సామాన్యుడు రాజైనప్పుడు జనులు చెప్పుకొను వాడుక కథయని తెలిసికొనవలెను. కథలోని పామును విడిచినను ఒక నిజము మిగులుచున్నది. కపిలేంద్రుడు పుట్టుకతో రాజకుమారుడు కాడని ప్రజలెరుగుదురు. ఆ యెరుకయే కథయై నిలిచినది. జానపదులకథలో చరిత్ర ఉండును గాని, అది పొట్టులోని గింజవలె ఉండును. దంచి చెరిగినగాని చేతికి రాదు.

ఇక మూడవ రకము, ఉద్యోగముల వలన వచ్చిన బిరుదులు. ఇది మన యిండ్ల సంగతి. ఒడ్రరాజుల ఆస్థానములలో హరిచందన, శ్రీచందన, భ్రమరవర, మర్దరాజ, జగద్దేవ, సామంతరాయ, మహాపాత్ర మొదలగు బిరుదములు పాత్రతనుబట్టియు పదవినిబట్టియు ఇయ్యబడుచుండెను. మన టెక్కలి ప్రభువుల పేళ్లలో హరిచందన జగద్దేవ యనియు, మందసావారి పేళ్లలో రాజమణి యనియు వచ్చుట ఈ సంప్రదాయమే. క్రింది తరగతులలో పట్నాయకు, బెహరా, బిసోయి, నాయుడు అను మాటలు కలవు. బెహరా యనగా కులపెద్ద. బిసోయి యనగా మన్యపు ముఠాకు అధిపతి. నాయుడు నాయకశబ్దమునుండి వచ్చినది. పట్నాయకు రాజకార్యములలో లెక్కలు, పత్రములు చూచిన ఉద్యోగివర్గమున నిలిచిన పేరు.

వీనినిబట్టి తెలియునదేమనగా, పేరు పనివలన వచ్చినది. ఒక బెహరా సంతతివాడు నేడు ఓడలలో పనిచేయుచుండును. ఒక బిసోయి సంతతివాడు బడిపంతులై యుండును. వేరు వేరు కులములలో, వేరు వేరు ఊళ్లలో ఒకే పని చేసినవారికి ఒకే పేరు వచ్చినది. కాబట్టి పేరొక్కటియైన మాత్రమున ఇద్దరును ఒకే వంశమువారు కారు. పెండ్లిమాటలలోను, పాళ్ల తగవులలోను ఇది గుర్తుంచుకొనదగినది.

ఊళ్ల పేళ్ల విషయమునను ఇదే జాగ్రత్త కావలెను. మా హరిశ్చంద్రపురము పేరు వినగానే ఎవరికైనను సత్యవాక్పరిపాలకుడైన హరిశ్చంద్రుడు, కాటికాపరితనము, చంద్రమతి జ్ఞప్తికి వత్తురు. కొంచెము చరిత్ర చదివిన యువకునకు ప్రక్కనే టెక్కలివారి హరిచందన బిరుదము కనబడి, ఆహా, ఇదియే మూలమనవలెనని ఉత్సాహము పుట్టును. రెండు మాటలకు శబ్దసామ్యమున్నది, నిజము. అయితే సామ్యమును చూచి తీర్పు చెప్పువాడు పాత కథ స్థానమున క్రొత్త కథను పెట్టినవాడగును, అంతియే. పత్రము చేతికి వచ్చువరకు నోరు కట్టుకొనుటయే చరిత్రకారుని మొదటి వ్రతము.

ఇట్టి శబ్దకథలకు బొబ్బిలి మంచి యుదాహరణము. వెంకటగిరివైపునుండి వచ్చిన పెద్దరాయుడు 1652 ప్రాంతమున చికాకోలు నవాబు షేరుమహమ్మదుఖానునకు తోడ్పడెననియు, షేరు అనగా పులి గావున నవాబు గౌరవార్థము తన కోటకు పెద్దపులి యని పేరు పెట్టెననియు, అది పెబ్బులి, బెబ్బులి, బొబ్బిలి అయినదనియు చెప్పుదురు. నవాబు కుమారుని శత్రువులచెరనుండి విడిపించినందుకు ఆ వంశమునకు రంగరావు అను బిరుదము వచ్చెననియు చెప్పుదురు. ఇంగ్లీషువారి గెజెటీరులలో గూడ ఈ కథ అచ్చుపడినది. అచ్చుపడినంతమాత్రమున అది ఋజువయ్యెనా? గెజెటీరు వ్రాసిన దొర ఎవరిని అడిగి వ్రాసెను? ఆ సంస్థానపువారినే అడిగి వ్రాసెను. తరువాత సంస్థానపువారు గెజెటీరును చూపి, ఇదిగో ప్రభుత్వ గ్రంథములోనే యున్నదనిరి. నీళ్లు చెరువులోనుండి కాలువలోనికి పోయి, మరల చెరువునకే వచ్చినవి. సాక్షులు ఇద్దరు కారు, ఒక్కరే.

దీనికి ప్రతిగా బొబ్బిలి యుద్ధమును చూడుడు. 1757 జనవరి 24వ తేదిన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగరపు విజయరామరాజును కోటను ముట్టడించిరి. కోటలోనివారు స్త్రీలను పిల్లలను తామే చంపుకొని పోరాడి మడిసిరి. పిమ్మట తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో ప్రవేశించి విజయరామరాజును చంపెను. దీనిని మన జంగములు పాటగా పాడిరి. ఆ శతాబ్దములోనే ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్ము తన గ్రంథములో వ్రాసెను. పాడినవారు ఓర్మును చదువలేదు. ఓర్ము పాటగాండ్రను నమ్మి వ్రాయలేదు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు ఆ మాట బలవత్తరమగును. పాటలోని సంభాషణలును, శకునములును, కత్తుల వర్ణనలును కవి కల్పనలు. ముట్టడి, ఆత్మాహుతి, రాజవధ మాత్రము చరిత్ర.

ఇక ఇంగ్లీషువారి కాలమునకు వత్తము. ఉత్తర సర్కారులను 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానావలనను, 1766లో నైజాముతో సంధివలనను కుంపిణీవారు పొందిరి. 1802 మొదలుకొని శాశ్వత పైసలా చేసి, పెష్కషు నిర్ణయించి, జమీందారులకు సన్నదులిచ్చిరి. ఇచ్చట పెద్దలు శ్రద్ధగా వినవలసిన సంగతి యొకటి కలదు. మనము పర్లాకిమిడి రాజు, మందసా రాజు, టెక్కలి రాజు అని యలవాటుగా పిలిచితిమి. జనుల నోట రాజులే. అయితే చట్టమునందు వారు జమీందారులు. నైజామువలెను, మైసూరువలెను సంధిపత్రముగల సంస్థానాధీశులు కారు. అందువలననే మదరాసు శాసనసభవారు 1948లో చేసిన ఎస్టేటుల రద్దు చట్టము వారికి వర్తించినది. సంస్థానాధీశుల రాజభరణములు మాత్రము 1971లో రాజ్యాంగపు 26వ సవరణవలన పోయినవి. ఈ రెండును వేరు వేరు సంగతులు. రచ్చబండమీద రెండును ఒకటిగా కలిసిపోవుచున్నవి.

ఇంగ్లీషువారు ఇచ్చిన బిరుదములలోను రెండు తెగలు కలవు. కొన్ని వంశపారంపర్యములు. కొన్ని ఆ మనిషి బ్రదికియున్నంతవరకే. రావుసాహేబు, రావుబహదూరు, దివానుబహదూరు మొదలగునవి స్వంత బిరుదులు. అవి తండ్రితోనే పోవును. రాజా, మహారాజా అనునవి కొందరికి స్వంతముగను, కొందరికి పారంపర్యముగను ఇయ్యబడినవి. ఏది యేదో పత్రములో వ్రాసియుండును. నేను చెప్పిన గిడుగువారికి 1913లో రావుసాహేబు బిరుదము వచ్చినది. అది వారి విద్వత్తునకు వచ్చినది. మనుమలకు ఆస్తివలె దిగునది కాదు. బొబ్బిలి రామకృష్ణ రంగారావుగారు పుట్టుకవలన రాజా. 1932లో ఆయన మదరాసు ప్రధానమంత్రి యైనది మాత్రము పుట్టుకవలన కాదు, శాసనసభలోని పక్షబలమువలన. ఒకే మనిషియందు రెండు గౌరవములు రెండు మార్గములవెంట వచ్చినవి.

ఈ చిక్కు మనకు మాత్రమే కలదనుకొనరాదు. ఐరోపాఖండపు పడమటి కొసనున్న ఐర్లండు దీవిని చూడుడు. పూర్వమచ్చట పెద్దకొడుకునకే గద్దె యను నియమము లేదు. ఒకే ముత్తాత సంతతిలో యోగ్యుడైనవానిని కులమువారు కూడి ఎన్నుకొనెడివారు. ఎనిమిదవ హెన్రీ ఇంగ్లాండున రాజై యుండగా, 1540ల దశాబ్దమున, ఐరిషు నాయకులు తమ భూములను రాజునకు అప్పగించి, మరల ఆయనచేతినుండి పట్టాగా పుచ్చుకొనవలెనని ఏర్పాటు చేసెను. ఓనీలు వంశపు కోను 1542లో అట్లు టైరోను ప్రభువు అయ్యెను. ఇంగ్లీషు పట్టా ఒక కుమారుని వారసుడనినది. కులమువారు మరియొక కుమారుడైన షేనును ఎన్నుకొనిరి. పట్టా ఒకటి, ఆచారము ఒకటి, నడుమ కత్తులు. మన శాశ్వత పైసలా నాటి పత్రములకును, పూర్వపు ముఠాదారుల ఆచారమునకును ఇట్టి పెనుగులాటయే జరిగినది గదా.

ఐరిషువారి వంశావళులును మనవానివంటివే. అచ్చటి రాజులెల్లరు మిలీసియసు అను పూర్వుని సంతతివారని పాత గ్రంథములు చెప్పును. అవి సన్న్యాసులు మఠములలో కూర్చుండి, బైబిలు కథతో తమ రాజులను కలిపి కట్టినవని పండితుల నిర్ణయము. మన ఆస్థాన పండితులు చంద్రునితో కలిపిరి, వారు నోవాతో కలిపిరి. కోరిక ఒక్కటే, పురాణము వేరు.

ఇది పాతకాలపు సంగతియని నవ్వి విడువరాదు. ఐర్లండు ప్రభుత్వపు వంశపరిశోధన కార్యాలయమువారు 1992లో ఒకనిని మెకార్తీ మోర్ అను ప్రాచీన కులనాయక బిరుదమునకు హక్కుదారుగా అంగీకరించిరి. తరువాత పత్రములను మరల శోధింపగా వంశావళి నిలువలేదు. 1999లో ఆ అంగీకారమును రద్దుచేసిరి. 2003లో అట్టి అంగీకారములనిచ్చు పద్ధతినే విడిచిరి. ముద్రవేసిన కాగితములు, పండితుల కార్యాలయము, అన్నియు ఉండియు పొరపాటు ఏడు సంవత్సరములు నిలిచినది. ఇక మన తాటియాకు కట్టల విషయమున ఎంత జాగ్రత్త యవసరమో మీరే యోచింపుడు.

మన యిండ్లలోనున్న కవిలెకట్టలు, భట్టురాజులు చెప్పిన వంశావళులు, దొరలకాలపు కైఫీయతులు పారవేయదగినవి కావు. కర్నలు మెకంజీ (1754–1821) ఊరూర కరణములచేత కైఫీయతులు వ్రాయించియుండనిచో మన చరిత్రలో సగము చీకటిలోనే యుండెడిది. వానిని చదువునప్పుడు అయిదు ప్రశ్నలు వేసికొనుడు. ఒకటి, ఈ పత్రము సంగతి జరిగిన నాటిదా, నూరేండ్ల తరువాతిదా? రెండు, దీనిని వ్రాయించినవానికి దీనివలన లాభమేమి? మూడు, ఈ కథయే మరియొక ఊరిలో మరియొక పేరుతో వినబడుచున్నదా? నాలుగు, బిరుదము నిచ్చినవానికి దానిని ఇచ్చు అధికారము ఉండెనా, ఇచ్చినది ఒక మనిషికా, వంశమునకా? అయిదు, తగవుతో సంబంధములేని మరియొక సాక్షి కలడా? ఈ అయిదింటికిని నిలిచినది చరిత్ర. నిలువనిది కథ. కథను కథయని చెప్పి వినుట తప్పుగాదు. కథను దస్తావేజుగా చూపుటయే తప్పు.

ఒక ముఖ్యమైన మాట. కొందరు కథను చరిత్రగా నమ్ముట వలన లాభపడిరి. కొందరు నష్టపడిరి. వారి పూర్వులు దైవాంశ సంభూతులని నమ్మినప్పుడు, మన పూర్వులు వారి పల్లకి మోయుటకే పుట్టిరని నమ్మక తప్పదు. మునసబు కొడుకే మునసబు, కరణము కొడుకే కరణమను పద్ధతి అట్లే నిలిచినది. 1895 నాటి మదరాసు చట్టము దానికి బలమిచ్చినది. 1960లో సుప్రీముకోర్టువారు, గ్రామోద్యోగము ప్రభుత్వోద్యోగమే గావున పుట్టుకనుబట్టి దానిని ఇచ్చుట రాజ్యాంగవిరుద్ధమని మన యాంధ్రదేశపు వ్యాజ్యములోనే తీర్పుచెప్పిరి. 1984లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ఆ పదవులనే తీసివేసిరి. బిరుదముల విషయమునను 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 18వ అధికరణము ప్రభుత్వము బిరుదములనీయరాదని శాసించినది. సైనిక, విద్యా సంబంధమైన గౌరవములకు మాత్రము మినహాయింపు. పద్మ పురస్కారములను గూడ పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదని 1995లో సుప్రీముకోర్టువారు చెప్పిరి. ఐర్లండువారి 1937 రాజ్యాంగమునను రాజ్యము ప్రభుబిరుదములనీయరాదని యున్నది. దూరదేశములు రెండు ఒకే పాఠమును నేర్చినవి.

మొదట నేను నాలుగు రకముల బిరుదములు చెప్పితిని. మూడింటిని గూర్చి ముచ్చటించితిమి. నాల్గవది, ప్రజలిచ్చినది, మిగిలియున్నది. దానికి మందసా దగ్గరనే నిదర్శనమున్నది. గుడారి రాజమణిపురమని యొక గ్రామము. ఆ గ్రామపు పేరులోనే జమీందారీ బిరుదము మెరయుచున్నది. 1940 మార్చినెలలో పలాసలో అఖిలభారత కిసాను సభ జరిగినది. రైతులు నాగళ్లకును వంటకును అడవిలోని కట్టె తమ హక్కని యడుగుచుండిరి. జమీందారీవారు కాదనిరి. ఏప్రిలు 1వ తేదిన రైతులను పట్టుటకు పోలీసులు ఆ గ్రామమునకు వచ్చిరి. జనులు అడ్డగించిరి. తుపాకులు ప్రేలినవి. సాసుమాను గున్నమ్మ అను రైతుబిడ్డ ఆ కాల్పులలో నేలకొరగినది. ఆమెతోపాటు మరికొందరును మరణించిరి.

నాటినుండి జనులామెను వీరగున్నమ్మ యని పిలుచుచున్నారు. ఆ వీరశబ్దమును ఏ గజపతియు ఈయలేదు, ఏ నవాబును సన్నదు వ్రాయలేదు, ఏ దొరయు పతకము గ్రుచ్చలేదు. ఆమె కథలోను పాటగాండ్రు కొన్ని మాటలు చేర్చియుందురు. అది పాటల స్వభావము. ఆమెకును నేను చెప్పిన ఆ అయిదు ప్రశ్నలే వర్తించును. తేది యున్నది, స్థలమున్నది, కారణమున్నది, మరణమున్నది. రాజమణి బిరుదమునకు వెనుక జమీ పోయినది. వీరగున్నమ్మ బిరుదము ఎవరి దయమీదను ఆధారపడనిది గావున ఎవరును రద్దుచేయలేదు.

కాబట్టి పెద్దలకు నా మనవి. మీ యిండ్ల తాటియాకు కట్టలను చెదపురుగులపాలు చేయక, చదువనేర్చినవారిచేత చదివించి నకలు తీయించుడు. మీ జ్ఞాపకములోనున్న కథలను పేరు, ఊరు, ఎవరివలన వింటిరో ఆ సంగతి, అన్నియు చేర్చి వ్రాయించుడు. పాటలను పాటలుగా పాడించుడు. తగవు వచ్చిననాడు మాత్రము పాటను ప్రక్కనుంచి పత్రమునడుగుడు. పత్రము చూపినవానిని, దీనిని వ్రాసినదెవరు, ఎప్పుడని యడుగుడు. అట్లు అడుగగలిగిన పెద్ద యున్న ఊరిలో తాంబూలపు తగవు కోర్టువరకు పోదు, పొలము తాకట్టుపడదు.